కౌలాలంపూర్‌ల కాపురం: హన్మకొండ నుంచి పిల్లలతోటి పోతున్నం, ఇల్లు ఎట్ల నడుపుకోవాలె?

నయీంనగర్_కోడలు · జూన్ 8, రాత్రి 9:12

అందరికి నమస్తే. మా ఆయనకు మలేషియాల, కేఎల్ అంటే కౌలాలంపూర్‌ల జాబ్ వచ్చింది, ఆయన ముందే పోయిండు, నేను పిల్లలిద్దర్ని తీస్కొని పోవాలె. పెద్దది ఐదో తరగతి, చిన్నోడు యూకేజీ. పాస్‌ల (ఆడ ఉండేటందుకు ఇచ్చే పర్మిట్లు) సంగతి కంపెనీ వాళ్ళు చూస్కుంటున్రు, అది కాదు నా రంది. యూట్యూబ్‌ల చూస్తే ట్విన్ టవర్స్, మాల్స్, బీచ్‌లు, గవే చూపిస్తున్రు, ఇల్లు ఎట్ల నడుస్తదో ఒక్కరు చెప్తలేరు. పాలు ఎట్ల, కూరగాయలు ఎట్ల, బట్టలు యాడ ఆరేస్తరు, బడి ఎన్నింటికి, పిలగాండ్లకు జరమొస్తే ఏం జెయ్యాలె, గివి కావాలె నాకు. మా అత్తమ్మ ఇప్పటికే మామిడికాయ తొక్కు పెద్ద జాడీ నిండ పెట్టింది, మిషన్‌ల సర్వపిండికి బియ్యం పట్టిచ్చింది, సూట్‌కేసులు తూకం ఏసి చూస్తే బట్టలకు జాగనే లేదు. మా అమ్మ ఏమో ఆడ ఎప్పుడూ వాననే అంట గద బిడ్డా అని ఫోన్‌ల ఏడుస్తది. ఆడ ఉన్నోళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పుర్రి జర.

కాజీపేట_జంక్షన్ · జూన్ 8, రాత్రి 10:03

వెల్కమ్ చెల్లె. భయపడేంత ఏం లేదు, హైదరాబాద్‌ల విమానం ఎక్కితే నాలుగు గంటలు, మన కాజీపేట నుంచి తిరుపతి రైల్ల పోయేదానికన్న తక్కువ. వాళ్ళ టైం మనకన్న రెండున్నర గంటలు ముందు. కరెంటు 240 వోల్టులే, మన మిక్సీ, గ్రైండర్ అన్ని నడుస్తయి గని ప్లగ్గు మాత్రం మూడు చదరపు పిన్నులది, అడాప్టర్లు రెండు మూడు కొనుక్కో, ఇంకా మంచిగుండాలంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వైరుకు ప్లగ్గే మార్పిచ్చుకో, అడాప్టర్ మీద మిక్సీ తిప్పితే వేడెక్కుతది. అన్నానికి తిప్పలు లేదు, సోనామసూరి ఇండియా షాపుల దొరుకుతది, తమిళోళ్ళు మస్తు మంది ఉన్నరు కాబట్టి కరివేపాకు, మునక్కాయ, ఇడ్లీ రవ్వ, చింతపండు అన్ని ఉంటయి. బ్రిక్‌ఫీల్డ్స్ అని ఒక ఏరియా, లిటిల్ ఇండియా అంటరు, అక్కడ పూలదండల నుంచి గోధుమపిండి దాక ఏది కావాలన్న దొరుకుతది. మిగతాది మా ఇంటామెను అడిగి రేపు రాస్త.

పరకాల_పిల్ల · జూన్ 9, పొద్దున 6:48

చెల్లె, మగోళ్ళు ప్లగ్గుల దగ్గర్నే ఆగుతరు, నేను చెప్త విను.

మనకు ఎండ ఒక లెక్క కాదు. మే నెలల 44 డిగ్రీలు చూసినోళ్ళం, ఇక్కడ సంవత్సరం పొడుగున 32, 33, ఇంకోటి పైకి. ఏడిపిచ్చేది తడి. గాలిల నీళ్ళుంటయి అనుకో. వరంగల్‌ల ఏడాది మొత్తం పడే వాన దాదాపు 1000 మిల్లీమీటర్లు, అదిగూడ వానకాలంల పడి పోతది, కేఎల్‌ల 2,400 దాటుతది, పన్నెండు నెలలు పంచుకొని పడతది, మార్చి ఏప్రిల్ల ఒకసారి, అక్టోబర్ నవంబర్ల ఒకసారి ఇంకా జోరు. కని ముసురు కాదు. పొద్దుగాల ఎండ కొడతది, మధ్యాహ్నం రెండు మూడింటికి మబ్బు కమ్ముతది, ఉరుములు మెరుపులతోటి గంట దంచి పోతది, సాయంత్రం మళ్ళ ఉక్కపోత. అందుకే బట్టలు పొద్దున ఎనిమిదింటికల్ల బాల్కనీల పడాలె, ఒంటిగంట లోపు లోపలికి రావాలె. తప్పితే తెల్లారి ఉతికినా ఆ వాసన పోదు. ప్రతి గల్లీల డోబీ షాపులుంటయి, నాణేలు ఏసి తిప్పుకునే మిషన్లు, 24 గంటలు తెరిచే ఉంటయి, దుప్పట్లు, జీన్స్ అక్కడ డ్రయ్యర్ల ఏసి తెచ్చుకో.

ఇగ వంటింట్ల. ఉప్పు నీరు గడతది, డబ్బాల నాలుగు బియ్యం గింజలు ఏసుకో. బెల్లం కరిగి పాకం అయితది, ఫ్రిజ్‌ల పెట్టాలె. రవ్వ, శనగపిండి, పెసరపప్పు బయట పెడితే నెలకు పురుగు. మన దగ్గర పురుగు పడితే ఎండకు పోస్తం గద, ఇక్కడ ఎండకు పోద్దామంటే ఆ ఎండ మీద నమ్మకం లేదు. కారం గడ్డ గడతది, ఫ్రీజర్ల పెట్టుకో. వడియాలు, అప్పడాలు ఇక్కడ పెట్టుకునే ఆలోచననే మానుకో, ఊరి నుంచే తెచ్చుకో. సకినాలు చేసుకోవచ్చు, నేను ప్రతి సంక్రాంతికి చేస్త, బట్ట మీద చుట్టి ఏసీ రూమ్‌ల ఫ్యాన్ కింద ఆరబెడ్త, కాల్చినంక చల్లారంగనే గాలి పోని డబ్బాల ఏసి మూత బిగియ్యాలె, మూత తీసి పెట్టి టీవీ చూసినవనుకో సినిమా అయిపోయే సరికి మెత్తబడి రబ్బరు అయితయి.

అల్మారల పట్టుచీరెలు, తోలు చెప్పులు, బెల్టులు, సర్టిఫికెట్లు అన్నిటికి బూజు పడతది. సూపర్ మార్కెట్ల తేమ పీల్చే డబ్బాలు అమ్ముతరు, అల్మారకు ఒకటి పెట్టు, కింద నీళ్ళు నిండంగనే మార్చాలె. సర్టిఫికెట్లు అసలు తేకు, కాపీలు తే, బడికి అటెస్ట్ చేసినయి కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు. కొత్తవాడ జంపఖానా తెద్దామనుకుంటున్నవా? తే, కని నేల మీద పరిచే ఉంచకు, కిందంత నల్లటి మచ్చలు అయితయి, వాడుకొని దులిపి కుర్చీ మీద ఏసుకోవాలె.

మడికొండ_మిర్చి · జూన్ 9, పొద్దున 8:30

గింత కష్టపడి ఆడ ఉండుడెందుకో నాకైతే సమజ్ కాదు. ఉప్పుల బియ్యం గింజలు, బెల్లం ఫ్రిజ్‌ల. ఈడ ఉండి హైదరాబాద్‌ల చేసుకుంటే శనారం ఆదారం ఇంటికి రావచ్చు గద.

కాజీపేట_జంక్షన్ · జూన్ 9, పొద్దున 9:05

హైదరాబాద్‌ల ఆఫీసుకు పోయి రాను రోజూ మూడు గంటలు ట్రాఫిక్‌ల కూసునేటోన్ని, ఇక్కడ ఎంఆర్‌టీ (మెట్రో రైలు) ఎక్కితే అరగంట, సాయంత్రం ఆరున్నరకు పిల్లలతోటి కింద ఆడుకుంట. బెల్లం ఫ్రిజ్‌ల పెట్టుడు దానికన్న కష్టమా అన్నా.

మడికొండ_మిర్చి · జూన్ 9, పొద్దున 9:11

సరే గని తొక్కు మాత్రం ఫ్రిజ్‌ల పెట్టకుర్రి. ఫ్రిజ్‌ల పెట్టిన తొక్కు తొక్కే కాదు. నూనె గడ్డకట్టి, కారం వాసన చచ్చిపోయి, గదేం తిండి.

పరకాల_పిల్ల · జూన్ 9, మధ్యాహ్నం 12:20

నువ్వుల నూనె ఇంట్ల ఫ్రిజ్‌ల గడ్డకట్టదు అన్నా, పల్లి నూనె అయితే కడతది. అదిగూడ నేను మొత్తం ఫ్రిజ్‌ల పెట్టుమంటలేను. పెద్ద జాడీ కదిలిచ్చకుండ, మీద రెండు వేళ్ళ మందం నూనె నిలబెట్టి, చీకటి మూలకు పెట్టు, వారానికి సరిపోయేది చిన్న సీసాల తీసుకొని దాన్నే వాడు. పెద్ద జాడీల తడి గరిట పెట్టినోళ్ళు ఎవలైనా సరే, మా ఇంట్ల వాళ్ళే గిన్నెలు తోముడు. ఇక్కడ గాలిల తడి ఉంటది కాబట్టి మూత తీసిన ప్రతిసారి కొంత లోపలికి పోతది, అందుకే పెద్ద జాడీ తరుచు తెరవద్దంటున్న. పిల్లలకు పెరుగన్నంల తొక్కు లేకుంటే ముద్ద దిగదు, గంత కష్టపడుడు తప్పదు.

చెల్లె, మీ అత్తమ్మకు చెప్పు, చపాట మిర్చి కారం ఒక రెండు కిలోలు ఎక్కువ పెట్టుమని. 2025ల మన వరంగల్ చపాటకు జీఐ (ఆ ఊరి సరుకు అని సర్కారు ఇచ్చే గుర్తింపు) గూడ వచ్చింది, రంగు దానికి ఉన్నట్టు ఇక్కడి మిరపకు రాదు, ఇక్కడిది మంట ఎక్కువ రంగు తక్కువ. కారం ప్లాస్టిక్ కవర్ల రెండు పొరలు ఏసి సీల్ చేపిచ్చుకో.

నయీంనగర్_కోడలు · జూన్ 9, సాయంత్రం 5:40

అక్కా నువ్వు చెప్పింది మొత్తం మా అత్తమ్మకు చదివి వినిపిచ్చిన. తొక్కు సంగతి విని "ఆ పిల్ల మంచిగ చెప్పింది" అన్నది. గోంగూర ఇత్తనాలు గూడ పెడ్తనంటున్నది, బాల్కనీల కుండీల ఏసుకోవచ్చు అని.

జోహార్_జనగామ · జూన్ 9, రాత్రి 7:15

ఇత్తనాలు, మొక్కలు, కరివేపాకు కొమ్మ గట్ల పర్మిట్ లేకుండ తేవద్దు అక్కా. ఎయిర్‌పోర్ట్‌ల తీసి పారేస్తరు, ఇంకా ఎక్కువైతే ఫైన్ గూడ. పాల సామాను, మాంసం గూడ అంతే, ఊరగాయ మాంసం అని మటన్ పచ్చడి తెచ్చేటోళ్ళు ఉంటరు, వద్దు. గోంగూర జాతి మొక్క ఇక్కడ దొరకనిది కాదు, తెరెంగాను రాష్ట్రంల దాని ఎర్ర కాయలతోటి జ్యూస్ చేసి అమ్ముతరు, ఆ మొక్కనే నర్సరీల కొనుక్కొని ఆకు తెంపుకుంటం మేము, పులుపు కొంచెం తక్కువ గని పప్పుల ఏసుకోవచ్చు.

ఇంకోటి. నేను ఉండేది జోహార్ బారుల, పని సింగపూర్‌ల. రోజు 1924ల కట్టిన కాజ్‌వే, అంటే సముద్రం మీది రోడ్డు, దాటి పోతం, తెల్లారకముందే బండ్లు బారులు తీరి ఉంటయి. మీరు ఎప్పుడైనా సింగపూర్ మీదుగ వచ్చినా, చూడబోయినా బ్యాగుల గసగసాలు పెట్టుకోకుర్రి, మటన్‌ల కోసం అని మనోళ్ళు తెస్తరు, సింగపూర్‌ల గసగసాలు బంద్, మత్తు పదార్థాల లెక్కన చూస్తరు. మలేషియాల అయితే తమిళోళ్ళ షాపుల్నే కొనుక్కోవచ్చు, ఆ బాధ లేదు.

సుబేదారి_సార్ · జూన్ 10, ఉదయం 6:15

అమ్మా, నేను రిటైర్డ్ టీచర్‌ని, మా అబ్బాయి కుటుంబం అక్కడే, మేమిద్దరం వెళ్ళి వస్తూ ఉంటాం. పిల్లల విషయంలో ఒకటి చెప్పాలి. అక్కడ తెల్లవారడం దాదాపు ఏడు దాటాకే. భూమధ్యరేఖకు మూడు డిగ్రీల పైన ఉంది కాబట్టి పగలు రాత్రి ఏడాది పొడవునా దాదాపు పన్నెండేసి గంటలు, అది సరే, కానీ ఏడింటికి చీకటేమిటి అని నాకు అర్థం కాలేదు, చదివితే తెలిసింది. 1982 జనవరి 1న ద్వీపకల్ప మలేషియా గడియారాన్ని అరగంట ముందుకు జరిపి, బోర్నియో వైపున్న సబా, సరవాక్‌లతో సమానం చేశారు. సూర్యుడి లెక్క ప్రకారం చూస్తే కౌలాలంపూర్ గడియారం గంటకు పైగా ముందుంది. అంటే పిల్లలు ఏడున్నర బడికి ఆరున్నరకు బస్సు ఎక్కుతుంటే మన ఊళ్ళో తెల్లవారుజామున దాదాపు అయిదున్నరకు ఎక్కినట్టే ఒంటికి. మొదటి నెల మా మనవడు బస్సులో నిద్రపోయేవాడు. రాత్రి తొమ్మిదికి పడుకోబెట్టే అలవాటు ఇక్కడి నుంచే మొదలుపెట్టమ్మా, పొద్దుమూకడం కూడా ఏడు, ఏడున్నర మధ్యలో కనుక పిల్లలకు నిద్ర రాదు, కర్టెన్లు మందంగా ఉండాలి.

ఇంట్లో రాహుకాలం చూసే పెద్దలుంటే మన ఊరి క్యాలెండర్ అక్కడ పనికిరాదు. సూర్యోదయం వేరు గనక లెక్క మారుతుంది. మా ఆవిడ ఇక్కడి క్యాలెండర్ గోడకు తగిలించి వారం రోజులు తప్పు సమయానికి దీపం పెట్టింది, మా కోడలు ఫోన్‌లో కౌలాలంపూర్ పంచాంగం పెట్టి చూపిస్తే గాని ఒప్పుకోలేదు.

తల్లిదండ్రులను పిలిపించుకోవాలంటే, 2023 డిసెంబర్ 1 నుంచి మన పాస్‌పోర్ట్ వాళ్ళకు 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు, ఆ సడలింపు గడువు పెంచుతూ వస్తున్నారు, టికెట్ కొనే ముందు చూసుకోవాలి. వచ్చే ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి, అది ఉచితం, డబ్బులు అడిగే సైట్ల జోలికి పోవద్దు.

పెనాంగ్_నర్సమ్మ · జూన్ 10, రాత్రి 11:50

డ్యూటీ దిగి ఇప్పుడే చూసిన. మాది కరీంనగర్, పెనాంగ్‌ల ఉంటం. జరం గురించి అడిగినవ్ గద చెల్లె, అది జర మంచిగ చదువు.

ఇక్కడ దోమ అంటే డెంగీ. మన దగ్గర వానకాలం పోతే తగ్గుతది, ఇక్కడ వానకాలం అని వేరే లేదు కాబట్టి పన్నెండు నెలలు ఉంటది. ఆ దోమ మురికి నీళ్ళల్ల కాదు, మంచి నీళ్ళల్లనే గుడ్లు పెడతది. కుండీ కింద పళ్ళెం, ఏసీ నీళ్ళు పడే డబ్బా, బాత్రూంల వాడని బకెట్, మనీ ప్లాంట్ సీసా, వారానికొకసారి అన్ని వంపి రుద్ది కడుగు, ఉత్తగ వంపితే గుడ్లు గోడకు అంటుకొనే ఉంటయి. ఇక్కడ 1975 నాటి చట్టం ఒకటి ఉంది, ఇంట్ల దోమ పిల్లలు కనిపిస్తే ఇంటోళ్ళకే ఫైన్ ఏస్తరు, ఇన్‌స్పెక్టర్లు వచ్చి టార్చ్ లైట్ ఏసి చూస్తరు, నవ్వులాట కాదు. పొగ కొట్టుటానికి వచ్చిన్నాడు గిన్నెలు బోర్లిచ్చి బట్ట కప్పు.

పిల్లలకు గట్టి జరం వచ్చి, కండ్ల ఎనక నొప్పి, ఒళ్ళు నొప్పులు అంటే పారాసెటమాల్ తప్ప ఇంకేం ఇయ్యకు. బ్రూఫెన్, ఆస్పిరిన్ అసలు ఇయ్యద్దు, రక్తం కారే భయం ఉంటది. మొదటి రోజుల్లనే క్లినిక్‌కు పోతే డెంగీ ఉన్నదా లేదా తెలిపే ఎన్ఎస్1 రక్త టెస్ట్ చేస్తరు. జరం తగ్గిందని సంబరపడకు, తగ్గిన తర్వాతి ఒకటి రెండు రోజులే అసలు చూసుకోవాల్సినయి. కడుపు నొప్పి, ఆగకుండ వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, పిల్ల మబ్బుగ పడుండుడు, ఇవి కనిపిస్తే రాత్రి అని చూడకుండ ఆసుపత్రికే. అంబులెన్స్ నంబర్ 999. బొప్పాయి ఆకు రసం తాగిచ్చుకుంట ఇంట్ల కూసునుడు మాత్రం చెయ్యకుర్రి, నా చేతుల మీద గసుంటి కేసులు వచ్చినయి.

చెమటకాయలు అయితయి చిన్నోనికి, నూలు బట్టలు, రోజు రెండుసార్లు తానం, పౌడర్ మీద పౌడర్ కొట్టకు, రంధ్రాలు మూసుకొని ఇంకా ఎక్కువైతయి. ఏసీని డ్రై మోడ్‌ల పెట్టుకుంటే కరెంటు తక్కువ కాలుతది, తడి తగ్గుతది, నిద్ర పడతది.

నయీంనగర్_కోడలు · జూన్ 11, మధ్యాహ్నం 2:10

అక్కా చేతులెత్తి దండం. ఇది మా ఆయనకు గూడ పంపిన, ఆయన రూమ్‌ల మనీ ప్లాంట్ ఉన్నదంట సీసాల, ఇయ్యాల్నే పారేసిండు.

కూరగాయల పేర్లు ఎవలన్న చెప్తరా? పాలు ఏంది సంగతి? మేము శాకాహారులం కాదు గని గొడ్డు, పంది తినం, పిల్లలు బడిల ఏం తింటరో అని భయం. ఇంకా నేను ఈడ బ్యాంకుల చేసిన, ఆడ గూడ ఏదన్న చూసుకోవచ్చా?

పరకాల_పిల్ల · జూన్ 11, సాయంత్రం 4:35

జాబ్ సంగతి ముందు. డిపెండెంట్ పాస్ (ఉద్యోగి ఇంటోళ్ళకు ఇచ్చేది) మీద ఉత్తగనే పోయి ఉద్యోగంల చేరరాదు, కంపెనీ నీ పేరు మీద వేరే పాస్ తియ్యాలె లేకుంటే పర్మిషన్ తేవాలె. కొందరు ఇంట్ల ట్యూషన్లు, టిఫిన్లు మొదలు పెడతరు, చూసి చెయ్యి, దొరికితే ఆయన పాస్‌కు గూడ ఎసరు. మొదటి ఏడాది ఇంట్ల కూసుంటే పిచ్చెక్కినట్టయితది, ఇది ఎవలు చెప్పరు కాబట్టి నేను చెప్తున్న. ఆయన ఆఫీసుకు, పిల్లలు బడికి పోతరు, పదిహేనో అంతస్తుల నువ్వు, ఏసీ సప్పుడు. పక్కింటోళ్ళు చైనా వాళ్ళు, మంచోళ్ళే, లిఫ్టుల నవ్వుతరు, తలుపు ఏసుకుంటరు. మన గల్లీల లెక్క అరుగు మీద కూసొని బియ్యం ఏరుకుంట మాట్లాడే ముచ్చట ఉండదు. నేను రోజు పొద్దున పసార్‌కు, అంటే మార్కెట్‌కు, నడిచి పోవుడు పెట్టుకున్న, అవసరం ఉన్నా లేకున్నా. ఆడ కూరలమ్మే మక్‌చిక్‌లతోటి మలాయ్ నేర్చుకున్న. మక్‌చిక్ అంటే పెద్దమ్మ అన్నట్టు, అట్ల పిలిస్తే ఒక కట్ట కొత్తిమీర ఊకనే ఏస్తరు.

బెండకాయను బెండి అనే అంటరు. వంకాయ తెరుంగ్, కాకరకాయ పెరియా, బీరకాయ పెతోలా, తోటకూర బాయం. కంకుంగ్ అని గుట్టలు గుట్టలు అమ్ముతరు, అది మన తూటికూర జాతిదే, పప్పుల ఏస్తే పాలకూర కన్న మంచిగుంటది. సొరకాయ, పొట్లకాయ ఇండియా షాపుల్ల. చిక్కుడుకాయ మన రకం తక్కువ, పొడుగు అలసందకాయలు మాత్రం ఎన్నంటే అన్ని. వారానికొకసారి సాయంత్రం రోడ్డు మీద అంగడి పెడతరు, పసార్ మాలం అంటరు, మన ఊరి అంగడే అనుకో, చేపల దగ్గర్నుంచి చెప్పుల దాక.

పాలు ప్యాకెట్ల దొరుకుతయి గని మనకన్న పిరం. అందరు డబ్బా పాలే వాడతరు. పెరుగు మాత్రం సంబరం, రాత్రి తోడు పెట్టే పనే లేదు, పొద్దున తోడేస్తే మధ్యాహ్నానికి గట్టిగ అయితది, సాయంత్రం దాక బయటుంటే పుల్లగ అయితది, అప్పుడు చల్ల చేసుకో.

తిండి జాగ్రత్త ఎట్లంటే, హలాల్ హోటళ్ళల్ల పంది ఉండదు, గొడ్డు ఉంటది. దాగింగ్, లెంబు అని రాసుంటే గొడ్డు, ఆయం అంటే కోడి, బాబి అంటే పంది. శనారం కోడి తినని మీ అత్తమ్మ లాంటోళ్ళు వస్తే ఇంకో తిరకాసు, ఆకుకూర ఫ్రై అని చెప్పి దాంట్ల బెలచాన్ ఏస్తరు, ఎండు రొయ్యల ముద్ద, వాసన చూస్తే తెలుస్తది. సంబల్ అనే మిరపకాయ చట్నీల గూడ ఉంటది. అడిగి తినాలె.

కాజీపేట_జంక్షన్ · జూన్ 11, రాత్రి 9:30

మామక్ షాపులు మర్చిపోయినవ్ అక్కా. తమిళ ముస్లింల హోటళ్ళు చెల్లె, అర్ధరాత్రి గూడ తెరిచే ఉంటయి, రోటీ చనాయ్ అనే పరోటా పప్పు కూరతోటి, దోసె, తే తారిక్ అంటే పాల చాయ్. మా పిల్లలకు ఇంట్ల దోసె పోస్తే తినరు, ఆడ తింటరు. తే తారిక్‌ల డబ్బా పాలు, చక్కెర మస్తు ఏస్తరు, షుగర్ ఉన్న పెద్దోళ్ళు వస్తే "కురాంగ్ మానిస్" అని చెప్పాలె, చక్కెర తగ్గించు అని. మా బాపు వచ్చిన్నాడు ఆ ఒక్క ముక్క నేర్చుకొని అందరికి చెప్పుకుంట తిరిగిండు, ఆఖరికి టాక్సీ డ్రైవర్‌కు గూడ చెప్పిండు.

బడి సంగతి: సర్కారు బడిల విదేశీ పిల్లలకు సీటు కష్టం, ప్రైవేట్ ఇంటర్నేషనలే దిక్కు. సీబీఎస్ఈ చెప్పే ఇండియన్ స్కూళ్ళు కొన్ని ఉన్నయి, మిగతావన్ని బ్రిటిష్ సిలబస్. రెండు మూడేండ్లల్ల తిరిగొచ్చే ఆలోచన ఉంటే సీబీఎస్ఈల ఏయుర్రి.

జోహార్_జనగామ · జూన్ 11, రాత్రి 9:52

నేను ఒప్పుకోను అన్నా. ఐదో తరగతి పిల్లకు ఏ సిలబస్ అయితే ఏంది, బడి ఇంటికి ఎంత దూరం ఉన్నది అదే ముఖ్యం. మా వాడు గంట బస్సుల పోయి గంట బస్సుల వచ్చి, వాన పడ్డనాడు రెండు గంటలు. ఇంటికి నడిచి పోయే బడిల ఏసినంక మనిషి అయిండు. ఇల్లు చూసే ముందు బడి చూడుర్రి, బడి పక్కన ఇల్లు తీసుకోర్రి. ఫీజులు మాత్రం కంపెనీ ఇస్తదా లేదా సంతకం ముందే అడగాలె, ఇక్కడి పైసలు రింగిట్లు, వాటిని మన రూపాయలల్ల లెక్కేసుకుంటే గుండె జారుతది.

తాత_బాగన్‌దాతో · జూన్ 12, పొద్దున 7:40

నమస్కారమండి. నేను ఇక్కడే పుట్టిన తెలుగువాడిని. మా తాతగారిది శ్రీకాకుళం వైపు, బ్రిటిష్ వాళ్ళ కాలంలో పెరాక్ రాష్ట్రంలో బాగన్ దాతో కొబ్బరి తోటకి పనికి వచ్చారు. మా తెలుగు మీకు నవ్వు తెప్పించొచ్చు, తమిళం, మలాయ్ కలుస్తాది. రాయడం ఆదివారం తరగతిలో నేర్చుకున్నాను. మా తెలుగు సంఘం 1955లో పెట్టారు. మీ పిల్లలకి తెలుగు పోతాదని దిగులు ఉంటే అడగండి, క్లాసులు ఎక్కడ జరుగుతాయో చెప్తాను. ఉగాదికి ఇక్కడ సెలవు ఉండదు, దీపావళికి ఉంటుంది, సరవాక్‌లో తప్ప. తైపూసానికి, అంటే మురుగన్ పండక్కి, కౌలాలంపూర్‌లో సెలవే, అప్పుడు అందరూ వెళ్ళే బాటు కేవ్స్ గుడి మెట్లు 272, కోతులు చేతిలో ఉన్నది లాగేస్తాయి, కొబ్బరికాయ పైకి చూపించి నడవకండి.

ఇంకో మాట. పొగ వస్తాది కొన్ని ఏళ్ళు. ఎదురుగా ఇండోనేషియా సుమత్రాలో అడవి, పీట్ నేల (ఆకులు, కొమ్మలు కుళ్ళి పేరుకున్న నేల) తగలబడి గాలికి ఇటు కొడతాది, 2015లో, 2019లో బళ్ళు మూసేసారు. ఆగస్టు సెప్టెంబర్‌లో ఎక్కువ. ఆ రోజుల్లో గాలి సూచిక చూసి పిల్లల్ని బయట ఆడనివ్వాలి. ఆస్తమా ఉన్న పిల్లలయితే గాలి శుభ్రం చేసే మిషను ముందే కొనండి, పొగ వచ్చాక షాపులో దొరకదు.

నయీంనగర్_కోడలు · జూన్ 12, పొద్దున 10:20

తాతగారూ, మీ తెలుగు మా కన్నా మంచిగుంది. నవ్వెందుకు వస్తది. క్లాసులు తప్పకుండ కావాలె, మా పెద్దది ఇప్పటికే తెలుగు పుస్తకం చూస్తే పారిపోతది.

ఇంకొక్కటి అడుగుత, తిట్టకుర్రి. బతుకమ్మ ఎట్ల? నేను పెండ్లయినంక ఒక్క ఏడు గూడ పద్మాక్షి గుట్ట కాడికి పోకుండ ఉండలే.

పరకాల_పిల్ల · జూన్ 12, మధ్యాహ్నం 1:15

తిట్టుడెందుకే. ఇక్కడ తెలంగాణ వాళ్ళ సంఘం ఏటా చేస్తది, హాల్ తీసుకొని, సద్దుల నాడు కాకున్న ఆ దగ్గరి శనారమో ఆదారమో. ఎంగిలిపూల నాడు మాత్రం మేము నలుగురైదుగురం ఒకళ్ళ ఇంట్ల పేర్చుకుంటం.

తంగేడు దొరకదు. దాని మీద ఆశ పెట్టుకోకు. బ్రిక్‌ఫీల్డ్స్ పూల షాపుల్ల బంతి, చామంతి దొరుకుతయి, కిలో లెక్కన ముందే చెప్పి పెట్టాలె, దీపావళి దగ్గరైతే రేటు డబుల్. నర్సరీల సీతజడ పూల కుండీలు ఉంటయి, రెండు కుండీలు కొని పూలు తెంపి గునుగు జాగల పెట్టుకుంటం. గుమ్మడి తీగలు పసార్‌ల కూర కోసం కట్టలు కట్టి అమ్ముతరు, ఆకులు పళ్ళెంల పరుస్తం. ఆర్కిడ్‌లు మన దగ్గర పెండ్లి మండపాలకు కొనుడే, ఇక్కడ అగ్గువ, వంగపండు రంగువి ఒక వరుస పేర్చినం అనుకో, పెద్దోళ్ళు చూస్తే ఏమంటరో గని చూడ సక్కగుంటది. వేడికి పూలు సాయంత్రానికే వాడుతయి, అందుకే మధ్యాహ్నం ఏసీ రూమ్‌ల పేర్చి తడిబట్ట కప్పుతం.

నీళ్ళల్ల వదులుడే సమస్య. స్విమ్మింగ్ పూల్ కాడికి పోవద్దు, సెక్యూరిటీ వాళ్ళు ఊకోరు, ఊకోకపోవుడు న్యాయమే, పిల్లలు ఈదే నీళ్ళు. చెరువులు, పార్కుల గూడ పూలు ఏసుడు కుదరదు. పెద్ద టబ్‌ల నీళ్ళు పోసి పసుపు కుంకుమ ఏసి అండ్ల వదిలి, తెల్లారి పూలు కుండీలల్ల ఎరువుకు ఏస్తం. మలీద, సత్తుపిండి మాత్రం అచ్చం ఊర్ల లెక్కనే. మక్కలు దొరుకుతయి, పిండి మిక్సీల పట్టుకోవాలె.

మడికొండ_మిర్చి · జూన్ 12, మధ్యాహ్నం 1:40

టబ్‌ల బతుకమ్మనా. ఏం రోజులచ్చినయిరా.

పెనాంగ్_నర్సమ్మ · జూన్ 12, మధ్యాహ్నం 3:02

నువ్వు ఈడికి వచ్చి మా కోసం ఒక చెరువు తవ్వు అన్నా, అండ్ల ఏస్తం. టబ్ నీళ్ళు తెల్లారి వంపుడు మర్చిపోకుర్రి చెల్లెండ్లు, దోమలు చెప్పిన గద.

జగిత్యాల_పోరడు · జూన్ 12, రాత్రి 10:30

అక్కలు, అన్నలు, మీరంతా చదువుకున్నోళ్ళు, కంపెనీ పాస్‌ల మీద పోయినోళ్ళు. నేను గూడ మలేషియాల ఉండి వచ్చిన. ఏజెంటు విజిట్ వీసా మీద పంపిండు, పోయినంక వర్క్ పర్మిట్ అయితది అన్నడు, కాలే. కట్టడం పనిల పెట్టిన్రు, పాస్‌పోర్ట్ వాళ్ళ దగ్గర్నే. పోలీసు కనబడితే సందుల్ల దూరుడు. 2019ల వాళ్ళ సర్కారు వాపసు పోయేటోళ్ళకు దారి ఇచ్చింది, 700 రింగిట్లు కట్టి సొంత టికెట్ పెట్టుకొని పోవచ్చని, దాంట్ల నేను ఇల్లు చేరిన. ఈ ముచ్చట ఎందుకు రాస్తున్ననంటే ఇది చదివి మా దిక్కు పిలగాండ్లు మలేషియా బాగుంది అని ఏజెంట్ల కాడికి ఉరుకుతరు. పది పాస్ కాకుంటే మన పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ (కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ముందు సర్కారు అనుమతి కావాలె అని) ముద్ర ఉంటది, మలేషియా ఆ లిస్టుల ఉన్న దేశమే, పనికి పోవాలంటే ఈ-మైగ్రేట్ అనే మన సర్కారు సైట్‌ల క్లియరెన్స్ కావాలె. ఏజెంటు ఆ మాట ఎత్తకుండ "ఊకె టూరిస్టు లెక్క పోదువు" అన్నడంటే ఆడికెల్లి లేచి రాండ్రి.

కాజీపేట_జంక్షన్ · జూన్ 12, రాత్రి 10:58

తమ్మీ మంచి మాట చెప్పినవ్. మా అపార్ట్‌మెంట్ పక్క బిల్డింగ్ కడుతున్నరు, మధ్యాహ్నం పూట తెలుగుల మాట్లాడుకునేది వినబడ్తది పైకి. ఆదారం నాడు కింద మామక్‌ల కలుస్తం, ఒకాయనది ధర్మపురి, ఇంటికి పైసలు పంపే యాప్ నా ఫోన్‌ల చూపిచ్చమంటడు. నీ పైసలు ఏమన్న వాపసు వచ్చినయా ఏజెంటు కాడికెల్లి?

జగిత్యాల_పోరడు · జూన్ 12, రాత్రి 11:05

ఏడికెల్లి వస్తయి అన్నా. మిత్తి ఇంకా కడుతున్న.

సుబేదారి_సార్ · జూన్ 13, ఉదయం 5:50

బాబూ, కలెక్టరేట్‌లో ప్రజావాణికి కాగితం పెట్టావా? పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చావా? ఆ ఏజెంటుకు లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు, లేకపోతే అదే ఒక నేరం. కాగితాలు ఏమున్నా దగ్గర పెట్టుకో, నాకు మెసేజ్ చెయ్, దరఖాస్తు రాసి పెడతాను.

జగిత్యాల_పోరడు · జూన్ 13, పొద్దున 8:12

సరే సార్. రసీదు ఒకటి ఉన్నది, ఫోటో పంపుత.

నయీంనగర్_కోడలు · జూన్ 13, మధ్యాహ్నం 12:45

తమ్మీ నీది చదివి మనసంత ఎట్లనో అయింది. సార్‌కు తప్పకుండ పంపు.

అక్కలు, మా ఆయన మీరు చెప్పినట్టే బడి ముందు చూసి దాని దగ్గర రెండు ఇండ్లు చూసిండు. ఒకటి గుట్ట పక్కన, గాలి మంచిగొస్తది గని కోతులు బాల్కనీలకు వస్తయంట. ఇంకోటి మెయిన్ రోడ్డు మీద, సప్పుడు. నీళ్ళు అప్పుడప్పుడు బంద్ అయితయని ఓనర్ చెప్పిండంట, రెండు మూడు రోజులు గూడ. ఏది తీసుకొమ్మంటరు?

పరకాల_పిల్ల · జూన్ 13, మధ్యాహ్నం 1:20

బాల్కనీకి ఎండ ఏ దిక్కు నుంచి పడతదో అది అడుగు ముందు. పొద్దుటి ఎండ పడేది తీసుకో, బట్టలు ఆరుతయి. పడమర దిక్కుది అయితే ఎండ వచ్చే యాళ్ళకు వాన వస్తది, గోడలు మాత్రం రాత్రి దాక కాలుతయి. కోతులకు గ్రిల్ పెట్టిచ్చుమను, తిండి బాల్కనీల పెట్టకుంటే రావు. నీళ్ళు బంద్ ఎక్కడైనా అయితయి, మూతున్న డ్రమ్ము ఒకటి కొనుక్కో, హన్మకొండోళ్ళకు డ్రమ్ముల నీళ్ళు పట్టుకునుడు ఒకళ్ళు నేర్పాల్నా.

నయీంనగర్_కోడలు · జూన్ 13, మధ్యాహ్నం 1:34

గుట్ట పక్కదే తూర్పు మొఖంది అక్కా. గదే తీసుకొమ్మని చెప్త. మిక్సీ జార్లు మూడు తేవాల్నా, రెండు సాలా?

పరకాల_పిల్ల · జూన్ 13, మధ్యాహ్నం 1:36

మూడు తే. చట్నీ జారుకు రబ్బరు వాచర్లు గూడ నాలుగు ఎక్కువ, మన కంపెనీ సైజు ఇక్కడ దొరకది.